బియ్యం డబ్బల చెవి

గట్ల కోపం జేయకుండ్రి మేడం. నాది నిర్లక్ష్యం అంటున్నరు, సరే. రోజుకు ఎన్ని గంటలు పెట్టినం, ఎన్నిసార్లు తీసినం, గా చెవి మిషినే లోపల రాసుకుంటదని నాకేం ఎరుక? రోజూ మూడు గంటలు తక్కువ పడ్డదా? పడతది. తీసింది నేనే.

మా లాస్యకు ఆరేండ్లు. పుట్టుచెవుడు, ఇనవడనీకె నెత్తిల మిషిన్ పెట్టి ఆపరేషనై రెండేండ్లాయె. మాపటికి ఏడింటికి దాని నాయిన అంజయ్య జవహర్‌నగర్ చెత్త యార్డు కాడికెల్లి వస్తడు. ట్రాలీ ఆటో సప్పుడు మలుపుల ఇనవడంగనే పిల్ల నెత్తి మీది బిళ్ల, చెవి మీది మిషిన్ తీసి బియ్యం డబ్బల పెడ్త, అవి లేకుంటె దానికేం ఇనవడది.

అటెన్క ఇగ మొదలు. ఉప్పెక్కువైందని ఓరోజు, ఫోన్ ఎత్తలేదని ఓరోజు. బెల్టు, చెప్పు, ఏది దొరికితే అది. నా నెత్తి గోడకేసి కొడితే గీ పన్ను ఊడింది, సూడుండ్రి. గా సప్పుడు ఇననీకేనా పిల్లకు చెవులు దెచ్చింది?

కండ్లతోని సూడదా అంటరా? సూస్తది. కండ్లు తీసి యాడ దాచిపెట్టాలె?

ఇగ ఇయ్యాల టెస్టు. సప్పుడు ఇనవడితే మీ డబ్బల చెక్కముక్క ఎయ్యమన్నరు. సన్న సప్పుళ్లకన్నిటికీ ఏసింది. మీరు ఎనుకకెల్లి డప్పు కొట్టంగనే ఎయ్యలె, బిళ్ల పీకి నా చేతుల పెట్టింది. పెద్ద సప్పుడు ఇనవడతలేదు, సౌండ్ పెంచాలె అని మీరు రాసిండ్రు.

పెంచకుండ్రి మేడం, మీ కాల్మొక్త. దానికి మంచిగనే ఇనవడ్డది. పెద్ద సప్పుడొస్తే తియ్యాలెనని నా దగ్గరనే నేర్సుకున్నది. చెక్కముక్క ఏసుడు మీరు నేర్పితిరి, తీసుడు నేను నేర్పిన.

నిన్నటిది సూడుండ్రి, మిషిన్ రాసిన లెక్కల. గంటలు పూర ఉన్నయి గదా? నిన్న తీయనీకె టైమియ్యలె. వచ్చుడు వచ్చుడే బెల్టు పిల్ల మీదికి లేపిండు. కారం దంచే రోకలి నా చేతికొచ్చింది. మోకాలు మీద రెండేసిన, చెయ్యి మీద ఒకటి. బొక్క ఇరిగినట్టే అయింది. వాడు మొత్తుకుంటే గల్లంత ఇన్నది.

లాస్య బిళ్ల పీకి నా ముంగట పట్టింది, రోజు లెక్కనే. నేను తీస్కోలె. మళ్ల దాని నెత్తికే పెట్టిన. ఇను బిడ్డా, అన్న.

నిన్న ఒక్కసారే తీసినట్టు ఉంటది, సూడుండ్రి.