నిజాముద్దీన్ లెక్క

1987ల, కరీంనగర్ కాలేజీల ఫిజిక్స్ చెప్పే రామకిషన్‌రావు ముందు లతీఫున్నీసా కూసున్నది. ఆయన శిష్యుడు నిజాముద్దీన్ కామెర్లతోటి పోయి మూడేండ్లయింది. ఆ శిష్యుని భార్య ఆమె.

“ఉత్తరం రాసి రమ్మన్నరెందుకు సార్?”

“గీ నోటుబుక్కు నీకియ్యాలె. మీ ఆయనది.”

“ఏం రాసిండు గిండ్ల?”

“కదిలిచ్చిన అణువు, చుట్టున్న వేడిల కలిసి మెల్లగ సద్దుమణుగుతదమ్మా. సరైన తీరుల దాన్ని ముందుగాల ఆ సద్దుమణిగే స్థితికి ఇంకింత దూరం జరిపితే, ఇంకా జల్ది సద్దుమణుగుతదని లెక్క కట్టిండు.”

“మీరేమన్నరు?”

“దూరం పోయినది ముందెట్ల చేరుతదని కోప్పడ్డ. సాంతం చదవకుంటనే ఎర్రసిరాతోటి కొట్టేసిన.”

“మల్ల చూడమని అడగలేదా?”

“బతిమిలాడిండు. నేను చూడలే.”

“మరి ఇప్పుడేమైంది?”

“మొన్న నా పాత కాయితాలల్ల గిది దొరికితే, కూసొని లెక్క మొత్తం చేసిన. ఏడుసార్లు చేసిన. ఆయనదే రైటు.”

రామకిషన్‌రావు నోటుబుక్కు అందిచ్చిండు. ఆమె దాన్ని తెరవకుండ ఒళ్లె పెట్టుకున్నది.

“రోజూ కలలకొస్తడు సార్. ‘సార్ చదివిన్రా’ అని ఒక్కటే అడుగుతడు.”

“ఇయ్యాల వస్తే, సార్ చదివిండని చెప్పమ్మా.”

“మీ కలలకు రాడా?”

“వస్తడు. నన్నేం అడగడు.”