పెరుగు వేసుకోకుండా

పాత సైకిళ్ల క్లబ్బు భోజనాలకు రాజోలు దగ్గర ఒక సభ్యుడి ఇంట్లో ఆగింది. బంతి చివర కూర్చున్న అతిథికి ఇంటాయనే స్వయంగా వడ్డిస్తున్నాడు.

“వాకిట్లో ఆ పచ్చ సైకిలు మీకు ఎక్కడ దొరికిందండి?”

“ముందు పనసపొట్టు కూర రుచి చూడండి. ఆవ పెట్టించేను.”

“బావుందండి. ఆ సైకిలు...”

“కంద బచ్చలి వేసుకోలేదే మీరు!”

“అలాంటిదే మా నాన్నగారికి ఉండేదండి. అమలాపురం సంతలో ఎవరో పట్టుకుపోయేరు.”

“పచ్చ సైకిళ్లు అప్పట్లో ఊరికి పది ఉండేవండి. మజ్జిగపులుసు పొయ్యమంటారా?”

“ఆయ్, కొంచెం. నాన్నగారు సీటు కింద మేకుతో పేరు చెక్కుకున్నారండి.”

“పాత సీటు ఇంకా ఉంటుందేటండి! మార్చేసుంటారు.”

“ఓసారి చూసొస్తానండి.”

“పెరుగు వేసుకోకుండా లేస్తారా ఎక్కడైనా!”

“వచ్చి వేసుకుంటానండి.”

“చూడక్కర్లేదండి. మీ నాన్నగారి పేరే, మంగరాజు అనే ఉంది. కూర్చోండి, పెరుగు వేస్తాను.”