గీత పడని జ్వరం

1989 జూలై మూడవ తేదీన, ముసురు పట్టిన ఉదయాన, పినపాక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి జహీదా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

అనంతరం బూర్గంపాడుకు బదిలీ అయి దీర్ఘకాలం అక్కడే సేవలందించారు. స్లైడు అనే గాజుపలకపై రంగు పూసిన రక్తపు చుక్కలో మలేరియా పరాన్నజీవులు సన్నని ఊదా ఉంగరాల్లా కనిపిస్తాయి. మైక్రోస్కోపుకు కన్ను ఆనించగానే, గోదావరి మంచు కిటికీ దాటి భుజాన వాలినా ఎరుగని స్వప్నావస్థలోకి వారు జారుకునేవారు. ఒకసారి చాయ్ అనుకుని రంగు సీసాను పెదవుల దాకా తీసుకువెళ్లారు. సహోద్యోగినైన నేను కేక వేయకపోతే ఈ వ్యాసం మరోలా ఉండేది!

తరువాత, చుక్క రక్తంతో నిమిషాల్లో మలేరియాను తేల్చే కిట్లు వచ్చాయి. రెండో గీత పడితే మలేరియా. గూడేల్లో దానికి ‘గీత పరీక్ష’ అనే పేరు స్థిరపడింది. గీత పడకపోతే జ్వరమే లేదన్నంత నమ్మకం మాలోనూ పెరిగింది.

2018 వర్షాకాలంలో ఎర్రమ్మ అనే తల్లి, స్పృహ తప్పుతున్న నాలుగేళ్ల కూతురు ముత్యాలును భుజాన వేసుకుని వచ్చింది.

“గీత పడలేదు, మలేరియా కాదంటుండ్రు. మరి నా బిడ్డ ఒళ్లు గిట్ల కాలుతాందేందమ్మా?”

“గీతను పక్కకు పెట్టు. జర కూసో, నేను చూస్త,” అన్నారు జహీదా గారు.

స్లైడు నిండా ఉంగరాలే. వైద్యాధికారి వెంటనే చికిత్స ప్రారంభించారు. జ్వరం దిగి ముత్యాలు గంజి అడిగినప్పుడు మా అందరి కళ్లూ చెమర్చాయి.

నమూనాను నగరానికి పంపగా కారణం తెలిసింది. కిట్టు వెతికే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే ఆ పరాన్నజీవుల్లో లేదు! నేను విస్తుపోతే జహీదా గారు నవ్వారు.

“క్రిమికి తెలివేం లేదు వీరబాబూ. వాటిల్ల ఎన్నో రకాలుంటయి. గీతకు దొరికినవాటికి మందు పడ్డది, పోయినయ్. దొరకనివి మిగిలినయ్, అవే పెరిగినయ్. ఏరింది మనమే.”

ప్రకృతి వరణమని గ్రంథాలు పేర్కొనే మహాప్రక్రియను ఇంత తేటగా నేనెన్నడూ వినలేదు. గీత పడకున్నా, తగ్గని ప్రతి జ్వరానికీ స్లైడు చూడటం ఆనాటి నుండి మా కేంద్రంలో ఆనవాయితీ అయింది.

విరమణ వార్త విని మొన్న ఎర్రమ్మ వచ్చింది. “నువ్వు పోతే మా రక్తం ఎవరు సూస్తరమ్మా?”

జహీదా గారు ఆమె చేయి పట్టుకుని, “జ్వరం తగ్గకపోతే ఊకోకు. స్లైడు చూడుమని కొట్లాడు,” అన్నారు.

వారికి ఆయురారోగ్యాలు కోరుతూ నిండు నూరేళ్లని రాయబోయాను. వెళ్తూ వెళ్తూ ఎర్రమ్మ అన్న మాట ముందు అది చిన్నబోయింది.

“నా బిడ్డ బతికినన్ని దినాలు నువ్వు బతకాలె.”