అక్కయ్య ముక్కు

ఏంటే, ఆ పాత బీరువాలో సెంటు కొట్టావా? అయ్యో పిచ్చిపిల్లా! లోపలి కంపూ, పైన నువ్వు కొట్టిన సెంటూ కలిసి ఇప్పుడు మూడో కంపు పుడుతుంది. నవ్వుతావేం, ఆ సీసా అవతల పెట్టు. ముందు సొరుగులన్నీ బయటికి లాగు. ఆ, పూర్తిగా ఊడదీయి. ఇప్పుడు మా అక్కయ్య ఉండుంటే నీకు బాగా అక్షింతలు పడేవి. అక్కయ్యంటే నా తోడబుట్టింది కాదమ్మా, తోడికోడలు. మీ తాతయ్య వాళ్ళ అన్నగారి భార్య. నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయింది, నువ్వెరగవు. అన్నదమ్ములిద్దరూ పాత కుర్చీలూ బల్లలూ బీరువాలూ కొని బాగుచేసి అమ్మేవాళ్ళు కదా, ముందు గదిలో వాళ్ళ కొట్టు, వెనక వసారాలో మేమిద్దరం. విరిగినవి అతికించడం వాళ్ళ పని, కంపు వదిలించడం మా పని. మా పనేంటిలే, ఆవిడ పని. నేను గుడ్డలు పిండేదాన్ని.

ఆవిడ ముక్కుందే, అబ్బ! సొరుగు లాగి, మొహం లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, "ఇందులో మందుసీసాలు పెట్టుకున్నారు, ఒకటి ఒలికింది కూడా" అనేది. తిరగేసి చూస్తే అడుగున మరక! బావగారు ఏది కొనాలన్నా ముందు "మీ అక్కయ్యని ఒకసారి రమ్మను" అనేవారు. ఈవిడ చెయ్యి తుడుచుకుంటూ మహారాణిలా వచ్చి, వాసన చూసి తల అడ్డంగా ఊపిందా, ఆ బేరం అక్కడితో సరి. పద్ధతులన్నీ ఆవిడవే. ముందు పొడి బ్రష్షుతో మూలమూలలా దులపాలి. సగం వెనిగరు, సగం నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవాలి. నేను గుడ్డ సరిగ్గా పిండకపోతే "తుడవమన్నానే తల్లీ, తలంటు పొయ్యమన్లేదు" అనేది. చెక్క నీళ్ళు తాగిందంటే మళ్ళీ కంపే. తర్వాత గాలి తగిలేచోట నీడలో ఆరనిచ్చి, ఒక్కో అరలో గిన్నెడు వంటసోడా, చిన్న మూటలో బొగ్గులు, ఉండలు చుట్టిన పాత పేపర్లు పెట్టి తలుపు మూసెయ్యాలి. రెండు మూడు రోజులకోసారి మారుస్తూ ఉండాలి. రాసుకుంటున్నావా? రాసుకో, రాసుకో.

ఏం చెబుతున్నాను? ఆ, ఒక వానాకాలం ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. లేచాక మళ్ళీ మామూలే, వసారాలోకి వచ్చి సొరుగులో మొహం పెట్టడం, కళ్ళు మూసుకోవడం. అప్పుడే వీధి చివరి దర్జీ ఒకాయన, కుట్టిన బట్టలు పెట్టుకోడానికని మా దగ్గర బీరువా ఒకటి తీసుకున్నాడు. అక్కయ్య చూసి "బాగైపోయింది, పంపించెయ్యండి" అంది. నాకేదో అనుమానం కొట్టిందే, కానీ ఆవిడ ముక్కు ముందు నా ముక్కెంత? నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండా దర్జీ ఇంతెత్తు బట్టలు మోసుకొచ్చి బావగారి ముందు పడేశాడు. "వాసన చూడండి సార్, మీరే చూడండి! కుట్టిచ్చినవన్నీ తిరిగొచ్చేశాయి. మీ కొట్లో ఎలకలు కాపురం చేస్తున్నాయా అని అడుగుతున్నారండీ నన్ను!" బావగారి మొహం ఎర్రబడిపోయింది. "చిన్నది సరిగ్గా తుడిచుండదు. దానికి ధ్యాస తక్కువ" అన్నారు, అందరి ముందూ. నేను అక్కయ్య వంక చూశాను. ఆవిడ నేల చూపులు చూస్తూ నిలబడింది. రెండ్రోజులు నేను ఆవిడతో మాటలు మానేశాను. అన్నం కూడా విడిగా పెట్టుకు తిన్నాను.

మూడో రోజు పొద్దున దొడ్లో బట్టలారేస్తున్నాను, మాడు వాసన గుప్పున కొట్టింది. వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా అయిపోయింది. దానికి మూరెడు దూరంలో అక్కయ్య అటు తిరిగి కూర్చుని నిమ్మళంగా కూర తరుగుతోంది! నేను గిన్నె దింపిన చప్పుడికి తిరిగి, పొగ చూసి, తర్వాత నన్ను చూసింది. నాకు అర్థమైపోయింది. "ఎప్పట్నుంచి అక్కయ్యా?" అన్నాను. "జ్వరం తగ్గినప్పట్నుంచి" అంది. "మరి చెప్పొచ్చుగా?" "ఏమని చెప్పనే? నాకు పిల్లా జెల్లా లేరు, నా వంట ఎవరికీ నచ్చదు. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఈ ముక్కొక్కటేగా. అదీ పోయిందంటే నన్నెవరు పిలుస్తారు?" నాకు కోపమంతా నీరుకారిపోయింది. నేనెవరికీ చెప్పనులే అన్నాను. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి లేచింది. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, "పద" అంది.

తిన్నగా దర్జీ కొట్టుకే! లోపల నలుగురైదుగురున్నారు. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరికో కొలతలు తీస్తున్నాడు. ఈవిడ గుమ్మంలో నిలబడి, "బాబూ, తప్పు నాది. మా చెల్లెలు బాగానే తుడిచింది. నాకు వాసన తెలియడం లేదు, తెలుస్తున్నట్టు నటించాను" అంది. పాపం ఆయన సూదులు మింగలేడు, కక్కలేడు! ఈవిడ మాత్రం కొంగు దోపుకుని బీరువా ముందు కూర్చుంది. సొరుగులు లాగేసి, చెయ్యి లోపలికి పెట్టి వెనక పలక అంగుళం అంగుళం తడుముకుంటూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ చెమ్మగా ఉంది. చెల్లీ, ముక్కు పెట్టు" అంది. పెట్టాను, డోకొచ్చింది. పలక ఊడదీస్తే, దానికీ బయటి చెక్కకీ మధ్య ఎలక గూడు. పలక మార్పించాం, వారం రోజులు సోడాలు, బొగ్గులు, అన్నీ అయ్యాయి. ఆ బట్టలన్నీ మేమే ఉతికి ఆరేసి ఇచ్చాం. దర్జీ ఆ తర్వాత ఎవరొచ్చినా మా కొట్టు పేరే చెప్పేవాడు. బావగారా? అంతా విన్నారు. మర్నాడు ఏదో మంచం బేరానికొస్తే, "మీరిద్దరూ రండి" అన్నారు.

అప్పట్నుంచి ముక్కు నాది, చెయ్యి ఆవిడది. నేను సొరుగులో మొహం పెట్టగానే "ఎలా ఉందే, చెప్పు" అనేది. ఉత్తినే కంపు అంటే ఒప్పుకునేది కాదు. తడిసిన చెప్పుల్లా ఉందా, పాత పుస్తకాల్లా ఉందా, అన్నీ విడమర్చి చెప్పాలి. కళ్ళు మూసుకుని వినేది. చివర్లో మంచం పట్టినప్పుడు కూడా సొరుగులు ఆ గదిలోకే పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు తీసుకెళ్ళిందానికి ఏ వాసనా లేదు. బాగైపోయింది కదా మరి. ఆవిడేమో కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. ఏమీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వానకి తడిసిన మల్లెచెట్టనీ, అప్పుడే చిత్రిక పట్టిన చెక్కనీ, నోటికొచ్చిందల్లా చెప్పుకుపోయాను. మొత్తం విని, "అబద్ధమైనా బాగా చెప్పావే" అని నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఊఁ... సరేగానీ, మీ అమ్మ ఎన్నింటికి వస్తానంది?