పైపు మూతికి కట్టిన గుడ్డ

"అవ్వా, తాత కారుకు బోరు పైపు పెట్టినాడంట గదా, అదేం కత?" అంటావా? ఎవరు చెప్పిరి నీకు, మీ అమ్మనా? ఉండు పాపా, ఆ ఫోను అట్ల పక్కన పెట్టు, చెప్తా. నాకే ఆ కత ఇంకా సరిగ్గా తెలీదు. తెలిసినకాడికి చెప్తా.

మీ తాతకు అప్పుడు ఒక పాత అంబాసిడరు ఉండె. డీజిలుది. ఈ కోవిల్‌పట్టిలోనే బాడుగకు తోలేవాడు. దాంతోనే మా కూడూ గుడ్డా, మీ అమ్మ చదువూ. అగ్గిపెట్టెల కంపెనీ మొదలాళి, అదే ఓనరు, ఒకాయన వారానికి రెండు తూర్లు విరుదునగరం పోయొచ్చేవాడు, మన కార్లోనే. నేను పెళ్ళికి ముందు పని చేసింది ఆయన కంపెనీలో కాదులే, అది వేరే అగ్గిపెట్టెల కంపెనీ. దాని ఓనరమ్మ మంచిది, దీపావళికి చీర పెట్టేది... ఏం చెప్తాంటి? ఆఁ, మొదలాళి.

ఒకరోజు ఆయన అన్నాడంట, "ఏమప్పా, నీ బండి నిదానానికి, సాత్తూరు దాటేలోపలే నాకు నిద్రొస్తాది. వచ్చే నెల వేరే వ్యాను మాట్లాడుకుంటా" అని. అరవంలో అన్నాడులే. మీ తాత ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ బాడుగ పోతే ఇంగేముండాది మాకు?

విరుదునగరం మిరపకాయల మండీ కాడ ఎవడో లారీ డ్రైవరు చెప్పినాడంట, ఇంజను పక్కనుండే వేడిగాలి తాగితే మందంగా లాగుతాది, ముందర నుంచి చల్లగాలి తాగిస్తే పిచ్చిగా పరిగెత్తుతాది అని. ఇంజను గాలి తాగేది ఏంది పాపా, మనిషా అది? నువ్వు చదువుకున్నావు, నువ్వు చెప్పు. సరే విను. మరసనాడు తెల్లారి చూస్తే నా కిరోసిను స్టవ్ ముందర కూర్చొని బోరు పైపు ముక్క కాలుస్తాండాడు. ఇరవై రూపాయలో ఏమో ఇచ్చి తెచ్చినాడు. మెత్తబడినాక వంచినాడు, ఇల్లంతా ఒకటే కంపు. ఇంజను మీద గిన్నె లాగా గుండ్రంగా ఒకటి ఉంటాది, దుమ్ము పట్టేది, దాన్ని పీకి అవతల పెట్టినాడు. ఆ చోట పైపు దూర్చి, సైకిలు ట్యూబు కోసి బిగించి కట్టినాడు. పైపు మూతి, బండికి ముందర జల్లెడ లాగా ఉంటాదే, అక్కడికి వచ్చింది.

నేను అడిగితి, "మన కరిసల్ నేల, ఈ నల్లరేగడి దుమ్మంతా లోపలికి పోదా?" అని. కంపెనీలో మందు పొడి ముక్కులోకి పోకుండా మేము గుడ్డ రెండు మడతలేసి కట్టుకునేవాళ్ళం గదా, అట్ల దీనికీ ఒక గుడ్డ కట్టరాదా అంటి. అప్పా, ఏం కోపం! "ఊపిరాడక చస్తాదే ఇంజను! పోయి పులుసు సంగతి చూడు" అన్నాడు. పో, పులుసే చూస్తా అనుకుంటి.

పులుసు చూస్తే మనసు ఊరుకుంటాదా? ఆయన స్నానానికి పోయినప్పుడు నా పాత నూలు చీర, పచ్చది, చించి రెండు మడతలేసి, బండి ముందర మూత ఎత్తి పైపు మూతికి కట్టేసినా. కంపెనీ ముడి, ఒక్క కొన లాగితే ఊడొస్తాది. కట్టి ఇంట్లోకొచ్చి కూర్చుంటి. దారిలో బండి నిలబడిపోతే? మొదలాళి ముందర తల దించుకోవాల్సి వస్తే?

సాయంత్రం వచ్చినాడు సామీ, మొకం వెలిగిపోతాండాది! "చూసినావా నా పైపు? మొదలాళి కన్ను మూయలేదు, ఇదే బండిలో వస్తానన్నాడు" అని. బండి వేగంగానే పోయిందో, ఆ గుర్రు గుర్రు చప్పుడుకు వేగమనిపించిందో, నా గుడ్డ వల్లో, ఆయన పైపు వల్లో, నాకేం తెలుస్తాది? మొదలాళి నిలిచినాడు, అది చాలు. అప్పట్నుంచి రోజూ ఆయన స్నానానికి పోతే నేను గుడ్డ విప్పి దులిపి కట్టేది.

అట్లనే రెండేండ్లో, మూడేండ్లో పోయె. మీ అమ్మకు పెళ్ళాయె, నువ్వు కడుపున పడితివి. పురుడు పోయను నేను విరుదునగరం పోతి, మీ అమ్మ కాడ మూడు నెలలు. నిన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంటి గానీ మనసంతా ఆ గుడ్డ మీదనే. ఎవరు దులుపుతారు? దుమ్ము అడ్డుకొని ఇంజను పోతే? మీ తాతకు చెప్పి పంపుదామంటే ఇన్నాళ్ళ గుట్టు బయటపడతాది.

తిరిగొచ్చినాక మొదట బండి కాడికే పరిగెత్తినా. గుడ్డ ఉండాది. ఉతికి శుభ్రంగా ఉండాది. కానీ నా పచ్చ చీర కాదు పాపా. నీలం గళ్ళది, మీ తాత లుంగీ. ముడి నాది కాదు, లారీ మీద తాడు బిగించే ముడి. పెళ్ళికి ముందు లారీలకు పోయినాడు గదా ఆయన.

ఎప్పుడు చూసినాడు? నేను పోయినాకనా? మొదటి రోజేనా? చూస్తే తిట్టడా? ఊపిరాడక చస్తాది అన్నోడు, తానే లుంగీ చించి కట్టినాడే! బండి పక్కనే కూలబడి ఏడ్చినా. ఎందుకు ఏడ్చినానో అదీ తెలీదు. అడగలేదు నేను, ఆయనా చెప్పలేదు. గుడ్డ ఒకరోజు నేను ఉతికేది, ఒకరోజు ఉతికే ఉండేది. రోజూ అన్నం కాడ మాత్రం "నా పైపు, నా పైపు" అంటానే ఉండె, నా మొకం చూస్తా.

కడాకు కండ్లు సరిగా కనపడక బండి అమ్మినాం. కొనేవాడు సాత్తూరోడు, ముందర మూత తెరిచి, "ఈ గుడ్డ ఎవరయ్యా కట్టింది? ఇది లేకుంటే ఈ దుమ్ముకు ఇంజను ఎప్పుడో పోయుండు" అన్నాడు. ఇప్పుడైనా చెప్తాడేమో అని చూస్తాండా. మీ తాత నా దిక్కు చూడనే లేదు. "అదా? బండితోనే వచ్చింది" అన్నాడు.

దొంగమనిషి! నన్ను ఎగతాళి చేసినాడా, నా గుట్టు కాపాడినాడా? ఆయన పోయి ఇన్నేండ్లాయె, ఇంకా తెలీదు.

నీకు మాత్రం మనసులో ఉండేది నోరు తెరిచి చెప్పే మొగుడు రానీ తల్లీ, సల్లగుండు... ఆఁ, లేకుంటే, మీ తాత లాంటోడు వచ్చినా సరే.