మూడు ముక్కల తాడు

క్రేన్ తాడు తెగి, ఇనప దూలం మీదపడి అక్క భర్త పోయి నాలుగు రోజులైంది. వంటగదిలో అక్కా, తమ్ముడూ.

“చెయ్యి చూపించు.”

“గీసుకుందక్కా.”

“గీసుకుంటే మోచేతి దాకా నెత్తురుంటుందా? ఎవర్ని కొట్టావు?”

“క్రేన్ డ్రైవర్ని.”

“దేంతో?”

“రెంచితో. దవడ విరిగింది. కింద పడ్డాక కూడా... ఆపలేకపోయానక్కా.”

“బతికున్నాడా?”

“నేనొచ్చేప్పటికి ఊపిరి గురగురమంటోంది. పోతే పోనీ. బావని దూలం కింద నుంచి ఎలా తీశామో నువ్వు చూళ్లేదు.”

“వాడేం చేశాడురా?”

“బరువు ఎక్కువెత్తాడు. తాడు బాగానే ఉందని మీ ల్యాబ్ కాగితం చూపించాడు మేనేజరు. మంచి తాడు ఊరికే తెగుతుందా?”

“కాగితంలో బాగుందని లేదు.”

“నా కళ్లతో చూశా. శూన్య పరికల్పన ఏదో... కొట్టెయ్యలేదని ఉంది.”

“పరీక్షకి ముందు రెండు మాటలు రాసుకుంటాం. తాడు సగటున ఐదు టన్నులు ఆపుతుంది, లోటేమీ లేదన్నది శూన్య పరికల్పన. కాదు, ఐదుకి తక్కువే అన్నది ప్రత్యామ్నాయం. గట్టి రుజువు దొరికేదాకా మొదటి మాటని కొట్టెయ్యం.”

“అంటే మొదటిదే నిజమని తేలింది కదా.”

“తేలలేదు. కొట్టెయ్యడానికి రుజువు చాల్లేదు, అంతే. చాలకపోవడం వేరు, బాగుండటం వేరు.”

“ఎందుకు చాల్లేదు?”

“లాగి చూసింది మూడే ముక్కలు. ఒకటి ఐదు దాటింది. మిగతా రెండూ నాలుగు టన్నుల దగ్గరే పుటుక్కుమన్నాయి.”

“రెండు తెగాయా? తెగినా ఆ కాగితం రాశారా?”

“మూడింటితో ఏ లెక్కా తేలదు. ఇంకో పది ముక్కలు అడగాలి.”

“మరి అడగలేదేం? ఎవడు వాడు? చెప్పు. వాడి దవడ కూడా—”

“సంచిలోంచి తీసిన ఆ రెంచి కింద పెట్టు.”

“చెప్పక్కా, ఎవడు?”

“నేనే.”

“...నువ్వా?”

“మేనేజరు తొందరపెట్టాడు. సంతకం పెట్టేశాను. మీ బావ పనిచేసేది ఆ తాడు కిందేనని తెలిసీ పెట్టాను.”

“అక్కా... అసలు ఆ ముక్కలు నీ దాకా ఎలా వచ్చాయి?”

“ఈ తాడు మీద నాకు నమ్మకం లేదమ్మా, కింద మనుషులున్నారు, ఒక్కసారి చూడండి అని బతిమాలి నా బల్ల మీద పెట్టాడు, నువ్వు కొట్టొచ్చిన మనిషి.”