ముందు నువ్వు అవునను

హలో… ఆ, నేనే. ఎఫీ రాంకిన్‌నే. మా అన్న ఇంటిని మార్చురీ చేసింది మీరేగా?

… మీ కరెంటు కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. నువ్వు మాట్లాడేముందు మోగిందే మీ పాట, దాంతోనే తెలిసిపోయింది.

… ఈ కాల్ రికార్డవుతుందా? అవనీ. నాకూ అదే కావాలి.

… అడ్రసు అదే. పోర్ట్ గ్లాస్గో, కొండమీది ఫ్లాట్లు, మొదటి అంతస్తు. నీ పేరేంటి బాబూ?… కీరన్. సరే కీరన్, నా మనవడి ఈడువాడిలా ఉన్నావు, నువ్వనే అంటాను. నీమీద కోపం లేదు. నీచేత ఈ ముక్కలు చదివించేవాళ్ళ మీద ఉంది.

… ఫిక్స్‌డ్ రేటు. తెలుసు. ఏడాదిపాటు ధర కదలదు. … ఇవాళ సాయంత్రంతో ఆఖరు, అదీ తెలుసు. … మామూలు రేటు వచ్చే నెల పెరుగుతుందా.

… లేదు, వింటున్నా.

చూడు, నాకూ ఆ రేటు కావాలి. దాచేదేముంది. పడగ్గదిలో హీటరు నవంబరులోనే ఆపేశాను. ముందుగదిలో ఒక్కటి మిగిలింది, దాన్ని పట్టుకునే ఇద్దరం బతుకుతున్నాం. ధర పెరిగితే ఇదీ ఆపాలి.

… ఇద్దరంటే నేనూ, మా అన్న డంకనూ. పై ఇల్లు ఆయనది. … ఆయనింట్లో ఆయనెందుకు లేడా? మీ ఫిక్స్‌డ్ రేటు తీసుకున్నాడు గనక. అడిగావుగా, విను మరి.

మా బిల్డింగుకి గ్యాస్ లేదు. అన్నీ ఇటుకల హీటర్లు. రాత్రి చవక కరెంటు వచ్చినప్పుడు లోపలి ఇటుకలు కాగుతాయి, పగలంతా ఆ వేడి మెల్లగా వదుల్తాయి. ఆ కొత్త రేటు కావాలంటే మీటరు మార్చాలన్నారు. మార్చారు. మీ మనిషి ఎంత మర్యాదస్తుడో, టీ తాగి కప్పు కడిగి మరీ వెళ్ళాడు. ఆ రాత్రి నించి ఇటుకలకి కరెంటు లేదు. పొద్దున చెయ్యి పెడితే సమాధి రాయే.

… స్విచ్ వేసే ఉంది.

… ఆపి మళ్ళీ వేశాం కీరన్. అదేమన్నా టీవీనా.

… ఫోన్ చెయ్యకుండా ఉంటామా? చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, పాత క్షమాపణ. చలికి ఆగలేక డంకన్ ఇంకో చిన్న హీటరు ప్లగ్గుకి పెట్టాడు. అది పగటి ధరకి తాగుతుంది, గది మాత్రం వెచ్చబడదు. అసలే ఓడల యార్డులో వెల్డింగు చేసినవాడు, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లోనే ఉంది. చలి తగిలిందంటే… అదిగో. వినబడిందా ఆ దగ్గు? అదే.

… నీ జాలి నేనేం చేసుకోను నాయనా. ఒక్క మాట చెప్పు. నేను సరేనంటే నా మీటరూ మారుస్తారు. మార్చాక నా హీటరు రాత్రి కాగుతుందా, కాగదా?

… అది నీ స్క్రీన్ మీద లేదా.

… 'సాధారణంగా' అనకు. డంకన్‌కీ సాధారణంగానే అన్నారు.

… సరే, మీ పైవాళ్ళని అడిగిరా. ఉంటాను.

పాట పెట్టాడన్నయ్యా. … ఆ, అదే పాట. … నువ్వు లేవకు. … సరేననెయ్యమంటావా? బాగుంది. రెండిళ్ళూ చల్లబడితే అప్పుడెక్కడ కూర్చుంటాం, చర్చిలోనా? … పైకి పోతావా? పో. కోటేసుకుని మంచంలో బిగుసుకుపో. … నువ్వు నాకు బరువని ఎవరన్నారు? బరువైతే ఎప్పుడో మెట్లమీంచి తోసేసేదాన్ని. … నవ్వకు, దగ్గొస్తుంది. ఆ సూప్ తాగు, చల్లారిపోతోంది.

… ఆ, ఉన్నా కీరన్.

… హామీ ఇవ్వలేరు. మరి మధ్యలో మానుకుంటే జరిమానా?… దానికి మాత్రం హామీ ఉందన్నమాట.

… షరతులు చదువుతావా. చివర్లో నేను అవునంటే అదే సంతకం. తెలుసు. డంకనూ అలాగే అన్నాడు, వంటింట్లో నిటారుగా నిలబడి, పెళ్ళికొడుకులా.

… ఆగు. చదవకు.

ఆ మాట నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. ఈయన్ని చూస్తుంటే అవుననేద్దామనే ఉంది. … నువ్వు తొందరపెట్టట్లేదులే. చలి తొందరపెడుతోంది. అది మీవాళ్ళకి బాగా తెలుసు. అందుకే జనవరిలో చేయిస్తారు ఈ ఫోన్లు. వేసవిలో ఒక్కడూ చెయ్యడు.

ఇప్పుడు నా షరతులు చెప్తాను. నువ్వు అవునను. రికార్డవుతోందిగా.

… ఎందుకు కుదరదు? మీవి నేను వినాలి, నావి మీరు వినరా?

డంకన్ రాంకిన్ ఇంటికి ఇవాళే మనిషి రావాలి. … మూడు వారాలు కాదు. ఇవాళ. ఆయన ఇటుకలకి రాత్రి కరెంటు, పాత చవక ధరకే. అవి కాగాయని నేను చెయ్యి పెట్టి చూశాకే నా మీటరు ముట్టుకోవాలి. అప్పటిదాకా ఈ ఫిక్స్‌డ్ రేటు నాకోసం ఆగాలి. అంతే. అవునను.

… నీకు ఆ అధికారం లేదు. నమ్ముతాను. అవునంటే నీ ఉద్యోగం పోతుంది. అదీ నమ్ముతాను. పోనీ ఇది చెప్పు, మీ అమ్మని తీసుకోనిచ్చావా ఈ రేటు?

… లేదా. ఊఁ.

అయితే నేనూ అవుననను. ధర పెరిగితే పెరగనీ. ఈ ఒక్క హీటరూ మీ చేతికివ్వను. డంకన్ ఇల్లు కాగేదాకా ఇవ్వను.

… ఇంకేమైనా సాయం కావాలా అని అడగాలా నువ్వు? కావాలి. మీరు ముందు ఫోన్ పెట్టెయ్యకూడదట కదా. మా కింది ఇంటి అమ్మాయి ఇలాంటి పనే చేసేది, తను చెప్పింది. నేనూ పెట్టెయ్యను.

ఇదిగో, ఫోన్ని సోఫా చెయ్యి మీద పెడుతున్నా, ఆయన నోటి దగ్గర. … ఏం కాదన్నయ్యా. ఆపుకోకు. దగ్గు.

… విన్నావా కీరన్? ఇది షరతులు చదివేవాడికి కాదు, రాసేవాళ్ళకి వినిపించు. వినిపించి, మనిషిని పంపించు. చీకటి పడకముందే పంపించు.